ఎడమ పాదాల పద్దు

జట్టు చరిత్ర రాస్తానని
రీగా నుంచి ఒక కుర్రాడు వచ్చాడు.
కప్పులున్నాయా అన్నాడు, ఫొటోలున్నాయా అన్నాడు.
వెల్డింగు అద్దాలు నుదుటి మీదికి తోసుకుని
మా నాన్న పద్దుపుస్తకం తీసి చేతికిచ్చాను.

తెరిస్తే అన్నీ పాదాలే.
పెన్సిలుతో చుట్టూ గీసినవి,
పక్కన పేరు, ఏడాది, ముట్టిన డబ్బు.
పేజీలు తిప్పీ తిప్పీ
"ఒక్కటీ కుడికాలు లేదేం?" అన్నాడు.

కుడికాలితో మాకేం పని నాయనా.
ఈ ఆటలో బండికి బ్రేకుండదు, గేరు ఒక్కటే.
నలుగురు, నాలుగు చుట్లు, నిమిషం మీద కాస్త.
తిరిగితే ఎడమకే తిరగాలి.
వెనక చక్రం అడ్డంగా జారిపోతుంటే
మనిషికి నేలతో మిగిలే చుట్టరికం
ఎడమ బూటుకి తొడిగిన ఇనుప చెప్పు.
అది మేం చేస్తాం.

రైలింజన్ల షెడ్డులో పారేసిన రేకుతో
అరవై మూడులో మొదలుపెట్టాడు నాన్న.
బూటు విప్పించి వట్టి పాదమే గీసేవాడు,
బూటు అబద్ధమాడుతుందని.
అప్పట్లో మన కుర్రాళ్ళ ఛాతీల మీద మాస్కో అక్షరాలు.
గెలిస్తే సోవియట్ వీరుడు,
పడితే దౌగవా ఒడ్డు పోరడు.
పేర్లు మాత్రం నాన్న లాట్గలె యాసలోనే రాసుకున్నాడు,
పాదానికి పాస్‌పోర్టు ఎందుకని.

ఇదిగో, ఆల్ఫోన్స్. ఏడుసార్లు గీశాడు.
మూడోదానికి చిటికెన వేలు వంకర,
అయిదోదానికి మడమ వెడల్పు.
ఏడోది చూస్తే వేరే మనిషిదనుకుంటావు.

ఇది వియెస్తుర్స్. డెబ్బై నాలుగు, మే నెల.
డబ్బు గడి ఖాళీ.
చెప్పు తయారైంది,
తీసుకెళ్ళడానికి అతను రాలేదు.
అదిగో, కిటికీ పక్క మేకుకి.
ఇక్కడున్నవన్నీ జత లేనివే,
ఒంటరిది మాత్రం అదొక్కటే.

తర్వాత దేశం వచ్చింది.
జట్టుకి డబ్బు రాలేదు.
మంత్రుల గుమ్మాల చుట్టూ చెప్పులరిగేలా తిరిగారు,
మామూలు చెప్పులే, మావి అంత తేలిగ్గా అరగవు.
మా అమ్మ అనతోలియా
దుప్పటి చింపి నలుగురికీ జెండా గుడ్డలు కుట్టింది.
ఇరవయ్యారు గంటలు బస్సులో పోయారు హంగేరీకి,
నలుగురి మధ్య రెండు మంచి ఇంజన్లు.
అక్కడ వాన. ఎరుపు కారి
నడుమ తెల్లగీత గులాబీ రంగైపోయింది.
మనం ఏ దేశమో మైకులో చెప్పేవాడికే అంతుపట్టలేదట.

చిట్టచివర వచ్చారు.
ఈ ఇంజన్లు తాగేది ఆముదమే, తెలుసుగా.
దిగినప్పుడు మనుషుల మొహాలూ
అదే తాగినట్టున్నాయి.

నాన్న లెక్క అడగలేదు.
నాలుగు చెప్పులూ బల్ల మీద బోర్లించి
బొటనవేలితో తడిమాడు.
మడమ వైపు అరిగితే వాడు భయపడ్డట్టు,
ముందు వైపు అరిగితే మలుపుని నమ్మినట్టు.
మూడు ముందే అరిగాయి.
నాలుగోది చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుని
"వీడికి ఈసారి కాస్త సన్నగా చెయ్యాలి" అన్నాడు.
ఆ నాలుగోవాడెవడో నాకు తెలుసు.
చెప్పను. వాడు మూడేళ్ళ తర్వాత
అదే ఊళ్ళో అందరికంటే ముందొచ్చాడు,
ఇప్పుడు మనవల్ని బడికి దింపుతున్నాడు.

ఇక్కణ్ణుంచి చేతిరాత నాది.
నాన్న గీత వణికేది కాదు, నాది వణుకుతుంది,
కుర్రాళ్ళకి చక్కిలిగింతలు పుట్టి కాలు లాక్కుంటారు.

"గెలిచినవి ఏ పేజీలో ఉన్నాయి?" అన్నాడు రీగా కుర్రాడు.
అలా విడదీసి గీయలేదు, అన్నాను.

పుస్తకం బయటికివ్వను.
ఆ స్టూలు లాక్కో, కూర్చుని రాసుకో.
నిప్పురవ్వల వంక చూడకు.
శనివారం డేన్లు వస్తున్నారు,
రెండు చెప్పులు ఇంకా చల్లారలేదు.